ఎన్‌ఐసీయూ తలుపు బయట అమ్మానాన్నలు: మానసిక ఆసరా అంటే అసలేమిటి?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో పెట్టారనగానే ఇంటిల్లిపాది ధ్యాసా బిడ్డ మీదే ఉంటుంది. బరువెంత ఉన్నాడు, ఆక్సిజన్ తీశారా, డాక్టరు ఏమన్నారు, రోజుకు ఎంతవుతోంది. బెంగళూరులో కొన్ని ఆసుపత్రులు ఇప్పుడు తల్లిదండ్రుల దగ్గరికి సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పంపుతున్నాయి. అది చూసి అక్కడున్న మన తెలుగువాళ్లు కంగారు పడుతున్నారు. "వైద్యం కావాల్సింది బిడ్డకు, మాకెందుకు?" అంటారు కొందరు. "మా అమ్మాయికి మతి చలించిందని కాగితాల మీద రాసేస్తారేమో" అని ఇంకొందరి భయం. "ఇదీ బిల్లులో వేస్తారా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. మూడూ న్యాయమైన ప్రశ్నలే.

మానసిక ఆసరా అంటే కౌన్సెలర్ వచ్చి అరగంట మాట్లాడి వెళ్లడం అనుకోవడంతోనే సగం అయోమయం మొదలవుతుంది. తల్లిని బిడ్డ దగ్గరికి ఎంతసేపు రానిస్తున్నారు, బిడ్డ సంగతులు ఎవరికి, ఏ భాషలో, ఎలా చెబుతున్నారు అన్నవి ఇందులో మొదటి భాగం. ఆ తర్వాతే కౌన్సెలర్. నా దృష్టిలో ఈ వరుస తారుమారైతే ఆసరా పేరుకే మిగులుతుంది.

ఎంత ముందు పుడితే "ముందు" అంటారు?

గర్భం 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 32 వారాలు దాటాక పుట్టినవాళ్లలో చాలామంది కొద్దిపాటి సాయంతో గట్టెక్కుతారు. 28 నుంచి 32 వారాల మధ్య పుట్టినవాళ్లకు ఊపిరికీ, పాలకూ, ఒంటి వేడికీ వారాల తరబడి సాయం కావాలి. 28 వారాలకు ముందే పుడితే ఆసుపత్రిలో నెలలు పట్టొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 1.34 కోట్ల మంది ఇలా పుట్టారు. అందులో సుమారు 30 లక్షల మంది మన దేశంలోనే. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు.

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అనే మాట మన ఇళ్లల్లో ఇంకా వినిపిస్తుంది. అది నిజం కాదు. కడుపులో గడిచే ఒక్కో వారానికీ బిడ్డ బలం పెరుగుతుందే తప్ప తగ్గదు. 33 వారాలకు పుట్టిన బిడ్డ పరిస్థితి 29 వారాలకు పుట్టిన బిడ్డకంటే మామూలుగా మెరుగ్గానే ఉంటుంది. పెద్దావిడ ఎవరో ఆసుపత్రి కారిడార్‌లో అనేసిన ఈ మాటతో ఓ తల్లి రాత్రంతా నిద్రపోకపోతే, మర్నాడు పొద్దున నర్సు రెండు నిమిషాలు నిలబడి "అమ్మా, అది తప్పు" అని వివరంగా చెప్పడం కూడా మానసిక ఆసరాయే.

దిగులు ఒకే రకం కాదు

కాన్పు తర్వాత మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్యలో ఊరికే ఏడుపు రావడం, చిరాకు, గుబులు చాలామంది బాలింతలకు ఉంటాయి. రెండు వారాల్లో వాటంతట అవే సర్దుకుంటాయి. ఇది జబ్బు కాదు.

బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉన్నప్పుడు దీనికి మరొకటి తోడవుతుంది. ఇంటికొచ్చి పడుకున్నా మానిటర్ అలారం చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఫోన్లో ఆసుపత్రి నంబరు కనిపిస్తే చేతులు చల్లబడతాయి. ఆపరేషన్ థియేటర్‌లో గడిచిన ఆ పది నిమిషాలు పదే పదే కళ్ల ముందు కదులుతాయి. నెలలోపు ఉండే ఈ స్థితిని తీవ్ర ఒత్తిడి స్పందన అంటారు. నెల దాటినా వదలకుండా రోజువారీ జీవితాన్ని ఆపేస్తుంటే పీటీఎస్‌డీ (భయంకర ఘటన తర్వాత మనసును వదలని ఒత్తిడి జబ్బు) అవునో కాదో చూస్తారు. యుద్ధం నుంచి వచ్చిన సైనికుల విషయంలో వినే మాట ఇది. బిడ్డ ఊపిరి ఆగడం కళ్లారా చూసిన తల్లికీ తండ్రికీ కూడా ఇది రావచ్చు.

కుంగుబాటు వేరు. రెండు వారాలకు మించి రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తప్పంతా తనదేనన్న భావన, బతుకు మీద విరక్తి. నెలలు నిండి కన్నవాళ్లలో కంటే ఈ తల్లుల్లో ఇది ఎక్కువని చాలా దేశాల పరిశోధనల్లో తేలింది. దీన్ని పట్టుకోవడం మాత్రం ఇక్కడ కష్టం. నిద్ర లేకపోవడం కుంగుబాటుకు ఒక గుర్తు. కానీ మూడు గంటలకోసారి లేచి పాలు పిండే తల్లికి నిద్ర ఎక్కడిది? అందుకే తెలిసినవాళ్లు ప్రశ్నను మార్చి అడుగుతారు: "పడుకునే వీలు దొరికినప్పుడైనా నిద్ర పడుతోందా?"

ఇంకొకటుంది, దీన్ని చాలా ఇళ్లల్లో అపార్థం చేసుకుంటారు. కొందరు తల్లులు బిడ్డను చూడటానికే రారు. వచ్చినా దూరంగా నిలబడతారు, పేరు పెట్టొద్దంటారు. ప్రేమ లేక కాదు. దక్కకపోతే తట్టుకోలేమని మనసు ముందే వెనకడుగు వేస్తుంది. "కన్నతల్లివై ఉండి" అంటూ ఎత్తిపొడిచేవాళ్లకు ఆ భయం కనిపించదు.

చాలా అరుదుగా, వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ప్రసవం తర్వాతి రోజుల్లో మతిభ్రమ వస్తుంది. లేనివి వినిపించడం, పొంతన లేని మాటలు, రాత్రులు కునుకే లేకపోవడం. అది ఆ రోజే ఆసుపత్రిలో చూడాల్సిన అత్యవసర స్థితి. మిగతావాటితో దాన్ని కలిపి చూడకూడదు.

ఎక్కువ బాధపెట్టేది ఏది?

ఎన్‌ఐసీయూ తల్లిదండ్రుల ఒత్తిడిని కొలవడానికి 1990ల మొదట్లో అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు మార్గరెట్ మైల్స్ బృందం ఒక ప్రశ్నావళి తయారుచేసింది. అందులో మూడు భాగాలున్నాయి: ఒకటి అక్కడి చప్పుళ్లు, యంత్రాలు; రెండోది బిడ్డ రూపం, గొట్టాలు; మూడోది తల్లిగా, తండ్రిగా తమ స్థానం పోవడం. ఏ దేశంలో అడిగినా తరచుగా ఎక్కువ మార్కులు పడేది మూడోదానికే. యంత్రాల మోత కంటే "నా బిడ్డకు నేను చేయగలిగిందేమీ లేదు" అన్నదే ఎక్కువగా కోస్తుంది.

మన కుటుంబాల్లో ఇది ఇంకాస్త ముదురుతుంది. బాలింతకు గాలి తగలకూడదని ఇంట్లోనే ఉంచేస్తారు. పురుడు వెళ్లేదాకా కదలనివ్వరు. ఆమె పిండిన పాలను ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో భర్త మడివాళ నుంచో మారతహళ్లి నుంచో ట్రాఫిక్‌లో మోసుకెళ్తాడు. బిడ్డను కన్నది ఆమె, పాలు ఆమెవి, కానీ బిడ్డ ముఖం ఆమెకు ఫోన్‌లో ఫొటోగానే తెలుసు. "ఏడిస్తే పాలు ఇంకిపోతాయి" అని అదనంగా ఓ బెదిరింపు. కలత వల్ల పాలు దిగడం కాసేపు ఆలస్యం కావచ్చు గానీ, ఏడ్చినంత మాత్రాన పాలు ఎండిపోవు. వేళ తప్పకుండా పిండుతుంటే వస్తూనే ఉంటాయి. ఏడవడానికి కూడా భయపడే తల్లికి ఈ ఒక్క సంగతి ఎంత ఊరటో!

పోయిన ఆ స్థానాన్ని తిరిగివ్వడం ఎలాగో చిన్న విషయంలో చూడొచ్చు. మొదటిసారి ఇంక్యుబేటర్ గుండ్రటి కిటికీలోంచి చేయి పెట్టిన తల్లి సహజంగా బిడ్డను నిమురుతుంది. 29 వారాల బిడ్డ చర్మానికి ఆ నిమరడం భరించలేని తాకిడి. బిడ్డ ఉలిక్కిపడుతుంది, కాళ్లూ చేతులూ విసురుతుంది, మానిటర్ మీద ఆక్సిజన్ అంకె దిగిపోతుంది, అలారం మోగుతుంది. తల్లి చేయి లాగేసుకుంటుంది. "నేను ముట్టుకుంటేనే బిడ్డకు చేటు" అన్న మాట మనసులో నాటుకుపోతుంది. అదే సమయంలో పక్కనున్న నర్సు, "నిమరొద్దమ్మా. ఒక అరచేయి తల మీద, ఇంకోటి పాదాల దగ్గర కదలకుండా పెట్టు. కడుపులో ఉన్నట్టు అనిపిస్తుంది" అంటే? కాసేపటికి బిడ్డ కుదుటపడుతుంది. అంకె పైకొస్తుంది. తన చేతిలో ఏదో ఉందని తల్లికి తెలుస్తుంది.

ఒక ఉదాహరణతో చూద్దాం

హిందూపురం అమ్మాయి, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే భర్త అనుకుందాం. బీపీ పెరిగిపోవడంతో 29 వారాలకే సిజేరియన్ చేశారు. బిడ్డ 1,150 గ్రాములు.

అయిదో రోజు బరువు 1,020 గ్రాములు. 130 గ్రాములు పోయింది, అంటే పుట్టిన బరువులో 11 శాతం. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఇంట్లోవాళ్లకు ఆ అంకె ఒక్కటే అర్థమవుతుంది: బిడ్డ కరిగిపోతోంది. హిందూపురంలో అవ్వ మొక్కులు మొదలుపెడుతుంది, మేనమామ "ఇంకో ఆసుపత్రికి మార్చేద్దాం" అంటాడు. మొదటి రోజే డాక్టరు, "మొదటి వారంలో ఒంట్లో నీరు తగ్గి 10 నుంచి 15 శాతం బరువు పోతుంది, రెండు వారాలు అటూ ఇటూగా మళ్లీ పుట్టిన బరువుకు వస్తుంది" అని చెప్పి ఉంటే, అదే 1,020 "చెప్పినట్టే జరుగుతోంది" అనిపిస్తుంది. బిడ్డ స్థితిలో మార్పేమీ లేదు. మారింది ముందస్తు మాట ఒక్కటే.

తొమ్మిదో రోజు బిడ్డ ఊపిరి ఆగింది. 20 సెకన్లకు మించి ఆగితే అప్నియా అంటారు. నర్సు అరికాలిని తట్టింది, ఊపిరి తిరిగొచ్చింది. మెదడులో ఊపిరిని నడిపించే భాగం ఇంకా పక్వానికి రాకపోవడం దీనికి కారణం. చాలామందిలో, గర్భం మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే 36–37 వారాలకు తగ్గిపోతుంది. ఊపిరిని ప్రేరేపించడానికి కెఫీన్ మందు ఇస్తారు. ఇది తెలియని తండ్రి ఆ తర్వాత బిడ్డను చూడటం మానేసి మానిటర్‌నే చూస్తూ నిలబడతాడు. ప్రతి అలారం ఊపిరి ఆగినట్టు కాదు, చాలాసార్లు పాదానికి కట్టిన సెన్సర్ వదులైనా మోగుతుంది.

మూడో వారంలో కంటి పరీక్ష. రెప్పలు తెరిచి పట్టే పరికరం పెడతారు, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. కళ్లేమైనా పోతాయా అన్న ప్రశ్న తల్లి గొంతులోనే ఆగిపోతుంది. నెలలు నిండని బిడ్డల రెటీనాలో వచ్చే తేడాను వేళకు పట్టుకుంటే చూపు కాపాడొచ్చని ముందురోజు చెప్పి ఉండటం ఒకటి, సంతకం పెట్టమని ఇంగ్లిష్ ఫారం చేతికివ్వడం ఇంకొకటి.

ఇప్పటిదాకా ఈ కథలోకి సైకాలజిస్టు రాలేదు. నెల తిరిగినా ఆ అమ్మాయికి థియేటర్ దృశ్యాలు వదలక, బిడ్డను ఒళ్లో పెట్టుకోవడానికే వణుకుతుంటే అప్పుడు వస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ షా బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ భయంకర ఘటన మీదే దృష్టిపెట్టిన ఆరు సెషన్ల చికిత్సతో తల్లుల్లో ఇలాంటి లక్షణాలు తగ్గాయి. కుంగుబాటు ముదిరితే మందులు రాసేది సైకియాట్రిస్టు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి. బిడ్డ మరీ చిన్నదైతే పిల్లల డాక్టరుతో కలిసి నిర్ణయిస్తారు.

"అమ్మకు మాత్రం చెప్పకండి"

మన కుటుంబాల్లో అన్నిటికంటే చిక్కైన విషయం ఇదే. బిడ్డ మెదడులో చిన్న రక్తస్రావం కనిపించిందని స్కాన్‌లో తేలింది. తండ్రి, తాత, మేనమామ కలిసి డాక్టర్‌ను పక్కకు పిలిచి, "ఆమెకు చెప్పొద్దండి, తట్టుకోలేదు" అంటారు. వార్డులో ఉన్న తల్లికి "బాగానే ఉన్నాడు, నువ్వు రెస్ట్ తీసుకో" అని చెబుతారు.

వాళ్ల వాదనను తీసిపారేయలేం. కుట్లు పచ్చిగా ఉన్నాయి, బీపీ ఇంకా దిగలేదు, కొన్నిసార్లు తల్లే ఐసీయూలో ఉంటుంది. ఆ రెండు రోజులు వార్త ఆపడంలో అర్థం ఉంది. ప్రేమతో చేసే పనే అది.

కానీ దాచిన సంగతి ఎక్కువకాలం దాగదు. మొహాలు చూసి ఆమె పసిగడుతుంది. లేదా షిఫ్ట్ మారిన నర్సు నోట యథాలాపంగా వినేస్తుంది. అప్పటి నుంచి "బాగానే ఉన్నాడు" అన్న మాటకు విలువ పోతుంది. నిజంగా బాగున్న రోజున కూడా ఆమె నమ్మదు. అసలు ఏం జరిగిందో తెలియని మనసు, జరిగినదానికంటే ఘోరమైనదాన్నే ఊహించుకుంటుంది.

బెంగళూరులో దీనికి భాష తోడవుతుంది. డాక్టరు ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో చెబుతారు. నర్సమ్మది మలయాళం కావచ్చు. రోజూ మధ్యాహ్నం చెప్పే ఆ వివరణనే "కౌన్సెలింగ్" అంటారు. లోపలికి అటెండర్ ఒక్కరే. వెళ్లేది భర్త. అతను విన్నదాంట్లో తనకు అర్థమైనది, అందులోనూ చెప్పొచ్చనిపించినది మాత్రమే తెలుగులో భార్యకు చేరుతుంది. ఆమె అడగాలనుకున్న ప్రశ్న లోపలికి వెళ్లనే వెళ్లదు. భర్త చెడ్డవాడు కాదు. భార్యకు దుబాసీ, కాపలాదారు, తన భయాన్ని దాచుకునేవాడు అన్నీ ఒక్క మనిషే కావాల్సి వస్తోంది.

ఈ రెండు వాదనల మధ్య ఓ దారి ఉంది. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నావని తల్లినే అడగడం. "రోజూ అన్నీ చెప్పండి" అనేవాళ్లుంటారు, "ప్రమాదమైతేనే చెప్పండి" అనేవాళ్లూ ఉంటారు. ఆ నిర్ణయం ఆమెది కావాలి. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, తెలుగు వచ్చిన ఉద్యోగి ఒకరిని పక్కన పెట్టుకుని చెబితే చాలా అపోహలు అక్కడే తీరుతాయి. బెంగళూరులో ఏ ఆసుపత్రిలోనైనా తెలుగు వచ్చినవాళ్లు దొరకడం అంత కష్టమేమీ కాదు.

తలుపులు తెరవాలా?

"తల్లిదండ్రులు రోజంతా లోపలుంటే ఇన్ఫెక్షన్ రాదా?" అన్నది ఆసుపత్రులు చెప్పే ప్రధాన కారణం. చోటు చాలకపోవడం, నర్సుల మీద భారం కూడా నిజమే.

దీని మీద గట్టి ఆధారం 2021లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలు 3,211 మంది మీద అధ్యయనం జరిగింది. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఇందులో ఉంది. బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతి మొదలుపెట్టారు. తల్లికి మంచం ఎన్‌ఐసీయూలోనే. 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇన్ఫెక్షన్ అనుమానించిన కేసులూ పెరగలేదు, తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సుల్లో రోజుకు 8 నుంచి 24 గంటల కంగారూ సంరక్షణ, కుటుంబానికి ఆసరా రెండూ చేర్చింది.

కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 26 యూనిట్లలో జరిగిన మరో అధ్యయనం 2018లో వెలువడింది. అందులో తల్లిదండ్రులు రోజుకు కనీసం ఆరు గంటలు ఉండి డైపర్ మార్చడం, పాలు పట్టడం, రౌండ్స్‌లో బిడ్డ సంగతి చెప్పడం చేశారు. బిడ్డల బరువు బాగా పెరిగింది, తల్లిదండ్రుల ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ప్రభుత్వ నవజాత శిశు యూనిట్లలో కుటుంబ భాగస్వామ్యానికి 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. ఆరు గంటలు ఎవరు ఉండగలరు? ఇంట్లో మూడేళ్ల పెద్దపిల్ల ఉన్నవాళ్లు, రోజుకూలీ పోతే పూట గడవనివాళ్లు, మదనపల్లె నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్లు? తలుపు తెరవడం మంచిదే. రాలేని తల్లికి అది కొత్త నేరభావం కాకూడదు. తల్లి బస చేయడానికి ఓ గదీ, భోజనమూ లేకుండా "రోజంతా ఉండండి" అనడం సగం మాటే.

అందర్నీ పరీక్షించాలా?

1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పత్రం ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 30. గడిచిన వారం రోజుల గురించి అడుగుతారు. 10 నుంచి 13 మధ్య ఏదో ఒక అంకెను హద్దుగా పెట్టుకుని, దాటినవాళ్లతో వివరంగా మాట్లాడతారు. ఇది వడపోత మాత్రమే, రోగనిర్ధారణ కాదు.

ఇద్దరు తల్లులను తీసుకుందాం. ఒకరికి 14 వచ్చింది, కానీ చివరి ప్రశ్నకు సున్నా. ఇంకొకరికి 8 మాత్రమే, చివరి ప్రశ్నకు 2. ఆ చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం తక్కువైనా రెండో తల్లితోనే ముందు, ఆ రోజే మాట్లాడతారు. మొదటి తల్లికి బిడ్డ వెంటిలేటర్ మీదున్న వారంలో 14 రావడం పరిస్థితి ప్రభావం కావచ్చు. రెండు వారాలాగి మళ్లీ అడుగుతారు.

అందుకే కొందరు వైద్యులు "మొదటి వారంలో అడిగితే అందరూ జబ్బుపడినట్టే తేలతారు" అంటారు. "అడగకపోతే నోరు విప్పనివాళ్లు జారిపోతారు" అంటారు ఇంకొందరు. రెండో మాటే నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను చూసే మనిషి అక్కడ ఉంటేనే సుమా. కాగితం మీద అంకె వేసి ఫైల్లో పెట్టేయడం కంటే అడగకపోవడమే నయం. ఫైల్లో ఏం రాస్తారోనన్న భయానికి చట్టంలో జవాబుంది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా చెప్పింది, మానసిక చికిత్సకూ శారీరక చికిత్సతో సమానంగా బీమా ఇవ్వాలంది.

"జరిగిందంతా చెప్పేసుకో, భారం దిగుతుంది" అని వెంటనే కూర్చోబెట్టి చెప్పించడం మాత్రం పనికిరాదు. అలా ఒక్క విడతలో కక్కించే పద్ధతిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. తిన్నావా, నిద్రపోయావా, పక్కన ఎవరున్నారు అని చూసుకోవడం, ఆమె మాట్లాడాలనుకున్నప్పుడు వినడం మొదటి రోజులకు సరిపోతుంది. ఏడాది కిందట ఇదే కారిడార్‌లో కూర్చున్న మరో తల్లి వచ్చి పక్కన కూర్చుంటే అంతకంటే మంచి ఆసరా ఉండదు. అయితే ఆమె బిడ్డ కథ ఈ బిడ్డ కథ కాదు. "మావాడు బాగైపోయాడు, మీవాడూ అవుతాడు" అన్న హామీ అందరికీ నిజం కాదు కాబట్టి అలాంటివాళ్లకూ కొంత శిక్షణ కావాలి.

నాన్న సంగతి

మామూలు కాన్పుల్లోనే తండ్రుల్లో సుమారు పదిమందిలో ఒకరికి కుంగుబాటు కనిపిస్తుందని అంతర్జాతీయ అధ్యయనాలు చెబుతున్నాయి. ఇక్కడ అతనే బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడతాడు, అప్పు అడుగుతాడు, పాలు మోస్తాడు, ఆఫీసు కాల్‌లో మాట్లాడతాడు. అతను ఏడిస్తే "నువ్వే ఇలా అయితే ఎలా" అంటారు. అతని దిగులు కోపంగానో, ఆసుపత్రికి రాకుండా పనిలో మునిగిపోవడంగానో బయటికొస్తుంది. చాలాచోట్ల ఆ పది ప్రశ్నలు అతన్ని ఎవరూ అడగరు.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జి రోజున అందరూ పండగ చేసుకుంటారు. ఆ రాత్రే తల్లికి అసలు భయం మొదలవుతుంది, ఎందుకంటే మానిటర్ లేదు. తర్వాత చుట్టాల పోలికలు. "అయిదు నెలలొచ్చాయి, ఇంకా మెడ నిలపలేదేం?" అంటారు. 29 వారాలకు పుట్టిన బిడ్డ 11 వారాలు ముందొచ్చింది. పుట్టి 22 వారాలైతే అందులోంచి 11 తీసేయాలి. ఎదుగుదల చూసేటప్పుడు ఆ బిడ్డ ఈడు (దీన్నే సవరించిన ఈడు అంటారు) 11 వారాలు, రెండున్నర నెలలే. ఈ లెక్క ఇంటికి వచ్చేముందే అత్తకూ అవ్వకూ కూడా తెలిసి ఉంటే తల్లి ప్రాణానికి హాయి.

బెంగళూరులో ఒక వెసులుబాటు ఉంది. కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే మానసిక చికిత్సా విభాగం 2009 నుంచి నడుస్తోంది, దేశంలో అలాంటిది అదే మొదటిది. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు, అంటే 14416 నంబరుకు, సమన్వయ కేంద్రం కూడా నిమ్హాన్సే. తెలుగులోనూ మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

సెలవు సంగతి మాత్రం ఇంకా తెగలేదు. అర్హత ఉన్న ఉద్యోగినికి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. పైన చెప్పిన హిందూపురం అమ్మాయి కూడా ఉద్యోగినే అనుకుంటే, ఆమెకు కాన్పు రోజు నుంచే సెలవు మొదలైంది. బిడ్డ తొమ్మిది వారాలు ఎన్‌ఐసీయూలో ఉంటే ఇంట్లో మిగిలేది 17 వారాలు. సెలవు ముగిసే రోజుకు బిడ్డ సవరించిన ఈడు 15 వారాలు, మూడున్నర నెలలు. నెలలు నిండని కాన్పు వల్ల వచ్చే అనారోగ్యానికి రుజువు చూపితే ఇంకో నెల వరకు వేతనంతో సెలవు అడిగే వీలు చట్టంలో ఉంది. చాలామందికి అది తెలియదు, ఆసుపత్రులూ చెప్పవు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి బిడ్డ నవజాత శిశు విభాగంలో ఉన్న కాలానికి తల్లికీ తండ్రికీ 12 వారాల వరకు విడిగా సెలవు ఇస్తున్నారు. మన ప్రైవేటు ఉద్యోగాల్లో తండ్రికి చట్టప్రకారం ఒక్కరోజు కూడా లేదు.